మూరకు ముప్పావు అంగుళం: బొమ్మరిల్లు కట్టే పాఠం

బొమ్మరిల్లు అనగానే మన క్లాసులో చాలామందికి 2006లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. మా నాన్న తమిళంవారు కాబట్టి ఆయనకి అదే కథ 'సంతోష్ సుబ్రమణియం'. నేను రాస్తున్నది సినిమా గురించి కాదు, నిజంగా బొమ్మలు కాపురముండే ఇంటి గురించి. బొమ్మ, ఇల్లు కలిసినప్పుడు మధ్యలో ఒక 'ర' చేరి బొమ్మరిల్లు అయింది, పేద పక్కన ఆలు చేరి పేదరాలు అయినట్టు. ఆడపిల్లలు ఇసకతోనో మట్టితోనో చిన్న ఇల్లు కట్టి, గుజ్జనగూళ్లు వండి, బొమ్మల పెళ్లి చేసే ఆట మనకి పాతదే. ఆ వంటకి సామాను లక్కపిడతలు. తమిళంలో వాటినే చొప్పు సామాన్ అంటారు, నవరాత్రుల ముందు మైలాపూరు మాడ వీధిలో బొమ్మల అంగళ్ల దగ్గర దొరుకుతాయి.

ఇప్పుడు ఆ ఆట కిట్ల రూపంలో డబ్బాలో వస్తోంది. పోయిన వేసవిలో మా పెద్దమ్మ కూతురు నా పుట్టినరోజుకి ఒకటి ఇచ్చింది. డబ్బా తెరిస్తే లేజరుతో కోసిన పల్చటి ప్లైవుడ్ పలకలు, ఒక్కో ముక్క మీద ఒక నంబరు, గుడ్డముక్కలు, పూసలు, సన్న తీగ, గోడలకి అచ్చువేసిన కాగితాలు, రెండు చిన్న లైట్లు, బొమ్మలతో నిండిన ఒక పుస్తకం. జిగురు, బ్యాటరీ మనమే కొనుక్కోవాలి. కట్టాక అరచేతులు రెండూ కలిపినంత జాగాలో ఒక కాఫీ అంగడి తయారైంది. కేకులున్నాయి, కుండీల్లో పూలమొక్కలున్నాయి, గోడకి గడియారం ఉంది. చాలా ముద్దుగా ఉంది, అబద్ధం చెప్పను. అయితే అందులో గడప లేదు. నేను చూసిన ఏ కిట్‌లోనూ రోలు లేదు, తులసికోట లేదు, ఉట్టి లేదు. అవి కావాలంటే మనం చేసుకోవాల్సిందే.

అందుకే కిట్‌ని నేను ఇల్లుగా కాకుండా వాచకంగా చూడమంటాను. అది రెండు విషయాలు బాగా నేర్పిస్తుంది. మొదటిది వరస. ముక్కలు జిగురు లేకుండా ఒకసారి నిలబెట్టి చూడాలి, తరవాత రంగు వెయ్యాలి, తరవాత లైటు తీగ లాగాలి, ఆ పైన గోడ కాగితం, అన్నిటికన్నా చివర సామాను. తీగ లాగకముందే కాగితం అంటిస్తే మళ్లీ చింపాల్సి వస్తుంది. లేజరు కోసిన అంచులు కాలి గోధుమరంగుగా ఉంటాయి, ఉప్పు కాగితంతో కాస్త రుద్దితే పోతుంది. రెండోది కొలత. అసలు పాఠం ఇక్కడే ఉంది.

కొలత సంగతి

బొమ్మరిళ్లకి లోకమంతా వాడే నిష్పత్తులు ముఖ్యంగా రెండు. 1:12 అంటే నిజం ఇంట్లో ఒక అడుగు బొమ్మరింట్లో ఒక అంగుళం. 1:24 అంటే ఒక అడుగు అర అంగుళం. నాకొచ్చిన కిట్ 1:24. పెద్ద పెద్ద బొమ్మరిళ్లు 1:12లో కట్టారు. ఇంగ్లండులో క్వీన్ మేరీకి కట్టిన బొమ్మరిల్లు అందులో పేరున్నది. అది 1924లో పూర్తయింది, ఇప్పుడు విండ్సర్ కోటలో ఉంది. దానికి నమూనా గీసినాయన ఎడ్విన్ లుట్యెన్స్, న్యూఢిల్లీలో రాష్ట్రపతి భవనాన్ని రూపొందించిన ఆయనే. దాంట్లో కుళాయిలో నీళ్లొస్తాయి, కరెంటు దీపాలు వెలుగుతాయి, లిఫ్టు కూడా ఉంది. గ్రంథాలయానికి అప్పటి రచయితలు బొటనవేలంత పుస్తకాలు రాసిచ్చారు, షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్‌తో సహా. అమెరికాలో ఫ్రాన్సిస్ గ్లెస్నర్ లీ అనే ఆవిడ 1940లలో బొమ్మరిళ్లు కట్టింది పిల్లలకి కాదు, పోలీసులకి. అనుమానంగా చనిపోయినవాళ్ల గదుల్ని 1:12లో చేసి, చూసి ఏం గమనించారో చెప్పండి అని శిక్షణ ఇచ్చేవారు. బొమ్మరిల్లు చిన్నపిల్లల వ్యవహారం అనేవాళ్లకి ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు.

నేను కట్టాలనుకున్నది మా అవ్వ ఇల్లు. తిరుత్తణి దగ్గర పల్లెలో పెంకుటిల్లు, తాత వాళ్ల నాయన కట్టించింది. అప్పుడు ఆ ఊరు చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇల్లు ఉన్నచోటే ఉంది, రాష్ట్రమే మారిపోయింది. నాలుగేళ్ల కిందట మామలు ఆ ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్లు పడగొట్టి మేడ కట్టుకున్నారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల స్థలం వాళ్లిష్టం. మాకు మిగిలింది తిన్నె మీద తీసిన ఒక్క పెళ్లి ఫోటో, అవ్వ జ్ఞాపకం. అవ్వకి ఇప్పుడు ఎనభై దాటింది. పేర్లు మరిచిపోతోంది, కానీ ఇంట్లో ఏది ఎక్కడుండేదో మరిచిపోలేదు.

ఇల్లు ఎన్ని అడుగుల వెడల్పు అవ్వా అని అడిగితే జవాబు రాలేదు. ఎన్ని బారలు అని అడిగితే వెంటనే "నాలుగు బారలు, లోపలికి అయిదు" అంది. వాకిలి ఎత్తు నాలుగు మూరలు. గోడ మందం మూర. గడప రెండు బెత్తెళ్లు. చేతులు చాపి చూపిస్తూ చెప్పింది. మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా, సుమారు 18 అంగుళాలు. జాన దాంట్లో సగం, 9 అంగుళాలు. బెత్తెడు నాలుగు వేళ్ల వెడల్పు, 3 అంగుళాలు. నాలుగు మూరలు ఒక బార, 6 అడుగులు. వీటిని 1:24లో పెడితే లెక్క భలే కుదురుతుంది: మూర ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. జాన 9.5, బెత్తెడు 3 మిల్లీమీటర్ల పైచిలుకు, బార 76. ఈ నాలుగు అంకెలు ఒక అట్టముక్క మీద గీసి పెట్టుకున్నాను. అదే నా స్కేలు. అవ్వ "జానెడు" అంటే నేను ఇంచీల్లోకి మార్చే పని లేదు, అట్ట పెట్టి గీయడమే. నాలుగు బారలు, అయిదు బారలు అంటే మొత్తం ఇల్లు 30 సెంటీమీటర్ల వెడల్పు, 38 లోతు. 1:12లో అయితే దీనికి రెట్టింపు, మా ఫ్లాట్‌లో దాన్ని పెట్టే బల్ల లేదు.

ఫోటోని కూడా కొలతకి వాడుకోవచ్చు. ఫోటోలో తాత వాకిలి పక్కనే, దానికి ఆనుకుని నిలబడ్డాడు. తాత ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలని అమ్మకి తెలుసు, అంటే 66 అంగుళాలు. ఫోటోలో తాత 44 మిల్లీమీటర్లు, వాకిలి 48. ఒక మిల్లీమీటరుకి అంగుళంన్నర. 48కి 72 అంగుళాలు, అంటే సరిగ్గా నాలుగు మూరలు. అవ్వ మాట, ఫోటో ఒకటే చెప్పాయి. ఈ లెక్క మనిషికి ఆనుకుని ఉన్న వస్తువుకే పనికొస్తుంది. వెనక దూరంగా ఉన్నవి ఫోటోలో చిన్నగా కనబడతాయి కాబట్టి వాటికి వాడకూడదు. తిన్నె పొడవు ఫోటోలో సగమే పడింది. దానికి అవ్వ ఇచ్చిన కొలత ఇంకో రకం: "మీ తాత పడుకుంటే పాదాలు బయటికొచ్చేవి." అంటే 66 అంగుళాల కన్నా తక్కువ. మూడున్నర మూరలు అనుకుంటే 63 అంగుళాలు, పాదాలు బయటికొస్తాయి. అలా పెట్టాను.

గోడలు, కప్పు

మొదటిసారి బొమ్మరిల్లు కట్టేవాళ్లవి చూస్తే ఏదో పెట్టెలా అనిపిస్తుంది, ఇల్లనిపించదు. ఎక్కువసార్లు దానికి కారణం పల్చటి గోడలే. 3 మిల్లీమీటర్ల అట్ట గోడ అంటే నిజంలో బెత్తెడు మందం. మట్టిగోడల ఇంట్లో కిటికీ అరలో పిల్ల ఎక్కి కూర్చునేది. మూర మందం గోడకి 19 మిల్లీమీటర్లు కావాలి. 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డులు రెండు తీసుకుని మధ్యలో 9 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఆ ఖాళీలో ముక్కలు నిలబెట్టి అంటించాలి. 5, 9, 5 కలిస్తే 19. లైటు తీగలు పోవడానికి ఆ ఖాళీయే దారి. సున్నం కొట్టిన గరుకు రావాలంటే తెల్ల యాక్రిలిక్ రంగులో కాస్త వంటసోడా కలపండి.

జిగురు గురించి ఒక్క మాట. ఫోమ్ బోర్డు లోపల ఉండేది థర్మోకోల్. పెట్రోలు వాసన కొట్టే జిగుర్లు, డబ్బా స్ప్రే రంగులు దాన్ని కరిగించి గుంటలు చేస్తాయి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఏమీ చెయ్యదు, కానీ కాగితం మీద మందంగా పూస్తే అది వంకర పోతుంది. పల్చగా పూసి, రాత్రంతా బరువు పుస్తకం కింద పెట్టండి. మన లైబ్రరీ పుస్తకాలు మాత్రం వద్దు! సందులు పూడ్చడానికి కొండపల్లి బొమ్మల పద్ధతి బాగుంటుంది. అక్కడ తెల్లపొణికి చెక్కతో చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు, దాన్ని మక్కు అంటారు. నేను రంపపు పొట్టుని తెల్ల జిగురులో కలిపాను. పొట్టు మా వీధి వడ్రంగి అన్న ఊరికే ఇచ్చాడు.

కప్పుకి వాడింది పిజ్జా డబ్బా. అట్టపెట్టె పైకాగితాన్ని తడిగుడ్డతో ఒత్తి మెల్లగా ఊడదీస్తే లోపల వరసగా గీతలు బయటపడతాయి. అవే పెంకులు. పెద్ద అట్టపెట్టెల గీతలు లావు, పిజ్జా డబ్బావి సన్నం. నాటు పెంకు బెత్తెడున్నర వెడల్పు అనుకుంటే మనకి కావాల్సింది 5 మిల్లీమీటర్ల లోపు గీత. ఆ అట్టని పెంకు పొడవుకి, అంటే ఇంచుమించు 13 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, కింద చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి, ఒక్కో పట్టీ కిందదాన్ని కొంచెం కప్పేట్టు. నిజంగా పెంకులు నేసేటప్పుడు కూడా అలాగే నేస్తారు, లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. ఒకటే ఎర్రరంగు వెయ్యొద్దు. కొన్ని నల్లగా, కొన్ని పాచి పట్టినట్టు ఉండాలి.

దూలానికి ఐస్ పుల్లలు నాలుగు ఒకదాని మీద ఒకటి అంటించాను. 8 మిల్లీమీటర్లు, నిజంలో 19 సెంటీమీటర్ల దూలం. వాసాలకి కొబ్బరి చీపురు ఈనెలు. కిటికీ చువ్వలకి ఊదొత్తి పుల్లలు. తలుపు రెక్క ఒక్కోటి మూర వెడల్పు కాబట్టి రెండు ఐస్ పుల్లలు పక్కపక్కన పెట్టి అంచు కొంచెం అరగదీస్తే చాలు. తిన్నె మీద స్తంభానికి పెన్సిలు. 7 మిల్లీమీటర్ల పెన్సిలు 24 రెట్లయితే ఆరున్నర అంగుళాల స్తంభం, మూలలు ఉప్పు కాగితంతో గుండ్రం చెయ్యాలి. కప్పు మాత్రం అంటించకుండా మూతలా తీసేట్టు పెట్టాను. ముందు గోడ కోసేస్తే తిన్నె పోతుంది, పక్క గోడ కోసేస్తే వంటిల్లు పోతుంది. అవ్వ పైనుంచి చూసి "గద్దకి కనబడేట్టుందే" అంది.

చిన్న సామాను వెతకడం అన్నిటికన్నా సరదా. చేతికి దొరికినదాన్ని 24తో గుణించి చూడండి. 10 మిల్లీమీటర్ల వెండిరంగు బొట్టుబిళ్ల 24 సెంటీమీటర్ల భోజనం పళ్లెం. మిరియం గింజ కొబ్బరికాయ. ఆవగింజకి పసుపు రంగేస్తే నిమ్మకాయ. నీళ్లసీసా మూత పెరట్లో తొట్టి. గుడ్డలు మాత్రం లొంగవు. దారాలు చిన్నవి కావు కదా, మామూలు నూలుగుడ్డతో పరుపు చేస్తే గోనెసంచి పరిచినట్టుంటుంది. బాగా నలిగిన పాత పంచె ముక్కని జిగురునీళ్లలో ముంచి ఆరబెడితే మడతలు చెప్పినట్టు వింటాయి. ముగ్గు కూడా కష్టమే. అర మిల్లీమీటరు పెన్ను గీత నిజంలో 12 మిల్లీమీటర్ల లావు ముగ్గు. వాకిట్లో పిండి అంత లావుగా ఎవరు పోస్తారు? తెల్ల పెన్సిలు బాగా చెక్కి గీశాను.

లైటుకి ఒక 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ, ఒక వెచ్చటి తెలుపు ఎల్ఈడీ చాలు, మధ్యలో ఇంకేమీ అక్కర్లేదు. ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్. ఇంట్లో పసిపిల్లలుంటే ఆ బిళ్ల వాళ్లకి అందకుండా టేపుతో గట్టిగా మూసేయండి, మింగితే ప్రాణానికే ప్రమాదం. కిట్ కాకుండా ఇంత ఇంటికి నాకైన ఖర్చు 340 రూపాయలు. అందులో సగం ఫోమ్ బోర్డులకే.

దీపంగూడు ఎటువైపు

ఈ ఒక్క ప్రశ్న మా ఇంట్లో రెండు వారాలు నడిచింది. వాకిలి లోపల గోడలో దీపం పెట్టే గూడు ఉండేది. అమ్మ ఎడమవైపు అంటుంది. పెద్దమ్మ ఫోన్‌లో కుడివైపే అని ఒట్టు పెట్టింది. మామ "గూడా? గూడెక్కడుంది?" అన్నాడు, ఆయన మాట లెక్కలోకి రాదు. అవ్వని అడిగితే ఎడమ, కుడి అని చెప్పలేదు. కుర్చీలోంచి లేచి, గోడ వైపు తిరిగి, ఎడమచెయ్యి చంకలో బిడ్డని ఎత్తుకున్నట్టు పెట్టి, కుడిచెయ్యి పైకి చాపింది. "బిడ్డ ఈ చంకలో ఉంటే దీపం ఈ చేత్తోనే కదా ముట్టిస్తాను" అంది. చెయ్యి భుజం ఎత్తున ఆగింది. అక్కడికి కొలిచాను, మూడు మూరలు. గూడు కుడివైపు, నేల నుంచి 57 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టాను. ఎత్తుకున్న బిడ్డ పెద్దమ్మా, అమ్మా అని మాత్రం ఇంకా తేలలేదు.

తెలుగు డిపార్ట్‌మెంట్ గోడపత్రికలో ఇదంతా ఎందుకు అనుకునేవాళ్లకి జవాబు ఇక్కడుంది. ఇల్లు కట్టాలంటే ప్రతి ముక్కకీ పేరు కావాలి. నాకు తెలిసినవి డోర్, విండో, రూఫ్. నాన్న వైపు నుంచి తిణ్ణై, పరణ్, మాడం, ఉఱి. అవ్వ దగ్గర తిన్నె, అటక, దీపంగూడు, ఉట్టి, చూరు, వాసం, దూలం, గొళ్లెం, పడసాల, నట్టిల్లు. ఒకసారి ఒక పోటీలో నేను తిన్నె అంటే ఆంధ్రా నుంచి వచ్చిన అమ్మాయి నవ్వి, "అది తమిళం కదా, తెలుగులో అరుగు అనాలి" అంది. నేనూ నమ్మేశాను, మన తెలుగు అంటే సగం తమిళమేనని మనమే అనుకుంటాం కదా. ఈ ఇల్లు కట్టేటప్పుడు నిఘంటువు తీశాను. తిన్నె అక్కడే ఉంది, అరుగు అనే అర్థంతోనే. ఇసకతిన్నెలు అని ఆంధ్రావాళ్లూ అంటారు, అదే తిన్నె ఇది. తమిళం తిణ్ణై దానికి చుట్టం, అంతే. ఉట్టికి ఉఱి చుట్టమైనట్టు. అవ్వ మాటని అవ్వ మాటగానే రాసి, ముక్కల వెనక పెన్సిలుతో పేరు పెట్టాను. కిట్‌లో నంబర్లుంటాయి, నా ఇంట్లో ముక్కలకి పేర్లున్నాయి.

నవరాత్రికి ఈ ఇల్లు మా కొలువు మెట్ల ముందు, ఊరు పెట్టే చోట ఉంటుంది. మరప్పాచ్చి రాజా రాణి పక్కన పెడితే ఇల్లు చీమంతగా కనబడుతుంది కాబట్టి దూరంగా, చెట్టియారు అంగడి పక్కన స్థలం ఇచ్చాం. ఆంధ్రలో చాలా ఇళ్లలో బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు కాబట్టి చిత్తూరులో ఉన్న పెద్దమ్మ జనవరికి ఇల్లు తనకి పంపమంటోంది. బస్సులో ఎలా తీసుకెళ్లాలో ఆలోచించాలి. కప్పు విడిగా వస్తుంది, అది నయం.

పెరడు ఇంకా మిగిలుంది. బావి, గిలక, రోలు, కోడిపొయ్యి, ఇసుర్రాయి చెయ్యాలి. హోసూరు వైపు, ధర్మపురి వైపు, కోయంబత్తూరు వైపు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు మీ అవ్వల్ని, జేజిల్ని అడిగి, ఈ అయిదింటినీ మీ ఇంట్లో ఏమంటారో, ఒక్కోటి ఎన్ని జానలుండేదో ఈ కాగితం కింద వదిలిన ఖాళీలో రాయండి. పెన్సిలు దారంతో కట్టి పెట్టాను.